ఏ ఫైలు దొరకలేదో చెప్పరా?

నిన్న రాత్రి మా వెబ్ అప్లికేషన్‌ని కొత్త ఉబుంటు సర్వర్ మీదకి మార్చాను. పేజీ తెరిస్తే, డేటాబేస్‌కి కనెక్ట్ కాలేక పీహెచ్‌పీ (అప్లికేషన్ రాసిన భాష) చూపించేది ఒకటే లైను: ఎర్రర్ 2002, 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. ఏ ఫైలు? ఎక్కడ వెతికావు? ఆ ముక్క మాత్రం చెప్పదు. పాస్‌వర్డ్ మూడుసార్లు మళ్లీ కొట్టాను. టెర్మినల్‌లో మైఎస్‌క్యూఎల్ (మా డేటాబేస్) చక్కగా తెరుచుకుంటోంది. తెల్లారితే కస్టమర్లు వస్తారు, ఒకటే టెన్షన్.

రెండు గంటలు పోయాక తేలింది. డేటాబేస్ అడ్రస్ ఇచ్చే హోస్ట్ దగ్గర 'లోకల్‌హోస్ట్' (అంటే ఇదే మెషీన్) అని రాస్తే లైనక్స్‌లో అది మైఎస్‌క్యూఎల్ నెట్‌వర్క్ కనెక్షన్లు తీసుకునే 3306 పోర్టు వైపు చూడనే చూడదు, సాకెట్ ఫైలు (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి వాడే ఫైలు) కోసం వెళ్తుంది. అదే మెషీన్ ఐపీ అడ్రస్ 127.0.0.1 అని రాస్తేనే పోర్టు. రెండూ ఒకటే అనుకునే కదా అందరం రాసేది! నేను సోర్స్ నుంచి కంపైల్ చేసుకున్న పీహెచ్‌పీ ఆ ఫైలు కోసం టెంప్ ఫోల్డర్‌లో వెతుకుతోంది. ఉబుంటులో అది ఉండేది రన్ కింద మైఎస్‌క్యూఎల్‌డీ ఫోల్డర్‌లో.

సాకెట్ మీద నాకు కోపం లేదు. ఒకే మెషీన్‌లో ఉన్నప్పుడు అదే మంచి దారి, పోర్టు తెరవక్కర్లేదు. కానీ టెర్మినల్ క్లయింట్ కనెక్ట్ కాకపోతే ఏ సాకెట్‌కి వెళ్లిందో దారితో సహా చూపిస్తుంది. పీహెచ్‌పీ కూడా ఆ దారి చూపించి ఉంటే పీహెచ్‌పీ ఐఎన్‌ఐలో (దాని సెట్టింగుల ఫైలు) ఒక్క లైను మార్చి పది నిమిషాల్లో పడుకునేవాణ్ణి.