గంటకు పది సెంట్ల సాహసి

2026 జనవరి 12తో అమెరికన్ రచయిత జాక్ లండన్ పుట్టి 150 ఏళ్లు. మంచు దేశంలో కుక్కల కథలు రాసిన పిల్లల రచయితగా ఆయన్ని చాలామంది గుర్తుపెట్టుకున్నారు. రోజుకు వెయ్యి పదాలు రాసి పేదరికంలోంచి పైకొచ్చిన పట్టుదల మనిషిగా వ్యక్తిత్వ వికాసం వాళ్లు వాడుకుంటున్నారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇంతటితో సరిపెడితే అసలు రచయిత చేజారిపోతాడని మా అభిప్రాయం. లండన్ సాహస రచయితే. అయితే ఆయన పుస్తకాల్లో సాహసం సరదా కాదు. కూలి గిట్టని చోటు నుంచి బయటపడటానికి మనుషులు చేసే పని అది.

ఆయన సొంత బతుకే అలా మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఆ బిడ్డ తనకు పుట్టలేదని విలియం చేనీ అనే జ్యోతిష్కుడు చేతులు దులుపుకున్నాడు. లండన్ అనే ఇంటిపేరు సవతి తండ్రిది. తల్లికి ఒంట్లో బాగోకపోతే పాలిచ్చి పెంచింది వర్జీనియా ప్రెంటిస్ అనే నల్లజాతి మహిళ. ఒకప్పుడు బానిసగా బతికిన మనిషి ఆమె. టీనేజిలో ఓక్లాండ్‌లోని ఆహారం డబ్బాలకెక్కించే ఫ్యాక్టరీలో లండన్ గంటకు 10 సెంట్ల కూలికి చేరాడు. రోజుకు 12 గంటలు, ఒక్కోసారి 18 గంటలు. అందులోంచి బయటపడాలని ప్రెంటిస్ దగ్గరే 300 డాలర్లు అప్పు తీసుకుని చిన్న తెరచాప పడవ కొన్నాడు. ఆ పడవతో చేసిందేమిటయ్యా అంటే, అఖాతంలో కంపెనీలు పెంచుకునే ఆల్చిప్పల మళ్లలో రాత్రిపూట దొంగతనం. కొన్నాళ్లకు అదే కుర్రాడు చేపల దొంగలను పట్టుకునే సర్కారు గస్తీలో చేరిపోయాడు. ఇలాంటి మలుపును నవలలో పెడితే నమ్మడం కష్టం.

1893లో సీల్ జంతువుల వేట ఓడెక్కి జపాన్ తీరం దాకా వెళ్లొచ్చాడు. తిరిగొచ్చేసరికి దేశమంతా మాంద్యం. జనపనార మిల్లులో మళ్లీ అదే గంటకు 10 సెంట్లు. ఆ ఏడాదే స్థానిక పత్రిక పోటీకి తుపాను మీద రాసిన వ్యాసానికి మొదటి బహుమతిగా 25 డాలర్లు వచ్చాయి. అంటే 250 గంటల మిల్లు పని! మరుసటి ఏడాది నిరుద్యోగుల యాత్రలో కలిసి గూడ్సు రైళ్లెక్కి దేశం తిరిగాడు. బఫెలో దగ్గర దేశదిమ్మరి అని పట్టుకుని, విచారణ అన్నది పేరుకు మాత్రమే జరిపి 30 రోజులు జైల్లో వేశారు. కండలు అరిగిపోయాక కూలివాడిని ఎవరూ కొనరని, అమ్ముకుంటే బుర్రనే అమ్ముకోవాలని అక్కడే తేల్చుకున్నాడు. సోషలిస్టు కావడం, రచయిత కావాలనుకోవడం ఆయనకు వేర్వేరు నిర్ణయాలు కావు.

1897లో కెనడాలోని క్లాండైక్ ప్రాంతానికి బంగారం కోసం వెళ్లినప్పుడూ కథ ఇదే. లక్ష మంది దాకా బయల్దేరారని అంచనా. చేరినవాళ్లు సగం కూడా లేరు. ఏడాదికి సరిపడా సామాను, అంటే దాదాపు టన్ను బరువు వెంట లేకపోతే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. ఆ బరువును చిల్కూట్ కనుమ మీదుగా వీపు మీదే, విడతలు విడతలుగా మోయాలి. లండన్ మోశాడు. చలికాలమంతా కొయ్య గుడిసెలో గడిపి, స్కర్వీ జబ్బుతో చిగుళ్లు వాచి, చెప్పుకోదగ్గ బంగారమేమీ లేకుండా 1898లో ఇంటికొచ్చాడు. తెచ్చుకున్నవి కథలే. వాటిలో మొదటిదానికి 1899లో ఒక మాసపత్రిక ఇస్తానన్నది ఐదు డాలర్లు.

1903లో వచ్చిన 'ద కాల్ ఆఫ్ ద వైల్డ్' ఆయన్ని ప్రపంచానికి తెలిపింది. పత్రికలో సీరియల్‌గా 750 డాలర్లు, పుస్తకం హక్కులకు ఏకమొత్తంగా 2,000 డాలర్లు. లక్షల ప్రతులు అమ్ముడైన పుస్తకం మీద ఆ తర్వాత రాయల్టీ అన్నది లేదు. బుర్ర అమ్ముకోవడంలోనూ కూలి లెక్క అంతే మరి.

ఆ నవల మొదటి వాక్యం మా వృత్తి వాళ్లను కాస్త గిల్లుతుంది: బక్ అనే కుక్క పత్రికలు చదవదు, చదివుంటే ముంచుకొస్తున్న ముప్పు తెలిసేదంటాడు. న్యాయమూర్తి ఇంట్లో హాయిగా బతుకుతున్న బక్‌ను దొంగతనంగా అమ్మేసేది తోటమాలి దగ్గర పనిచేసే మాన్యుయేల్. అతనికి జూదం పిచ్చి. ఆ జూదానికీ, పెళ్లాం పిల్లల పోషణకూ కలిపి జీతం చాలదు. పిల్లల కోసం కుదించిన ప్రతుల్లో తేలిగ్గా కొట్టేసే వాక్యం ఇది. కానీ కథ కదిలేదే దానితో. ఆ తర్వాత జరిగేదంతా పనే: దుడ్డుకర్ర దెబ్బలకు లొంగడం, పట్టీలు కట్టించుకోవడం, ఉత్తరాల బండి లాగడం, ఒక యజమాని చేతి నుంచి ఇంకొకరి చేతికి మారడం. డేవ్ అనే కుక్క జబ్బుపడితే బండి నుంచి విప్పుతారు. అది చచ్చేదాకా తన చోటు కోసమే పాకులాడుతుంది. పనికే బానిసైపోయిన జీవి గురించి ఇంతకన్నా బాగా రాసిన పేజీలు తక్కువ. చివరికి బక్ అడవిలోకి వెళ్లడాన్ని స్వేచ్ఛ అని మెచ్చుకుంటాం. అది పని మానేయడం కూడానని మాకు అనిపిస్తుంది.

1902 వేసవిలో ఆయన పాత బట్టలు కొనుక్కుని లండన్ నగరం ఈస్ట్ ఎండ్ మురికివాడల్లో పేదల మధ్య కొన్ని వారాలు బతికాడు. సామ్రాజ్యం రాజుగారి పట్టాభిషేకం చేసుకుంటున్న రోజులవి. తల దాచుకునే చోటు లేనివాళ్లు రాత్రంతా పోలీసులు తరుముతుంటే వీధుల్లో నడుస్తూనే ఉండేవారు. 'ద పీపుల్ ఆఫ్ ద అబిస్' ఆ అనుభవమే. తన పుస్తకాలన్నిటిలో తన మనసును, కన్నీళ్లను ఎక్కువ తీసుకున్నది ఇదేనని చెప్పుకున్నాడు. 1908 నాటి 'ద ఐరన్ హీల్'లో కొద్దిమంది సంపన్నులు ప్రజాస్వామ్యాన్ని తొక్కి నిరంకుశ పాలన నడిపే అమెరికాను ఊహించాడు. పాతికేళ్ల తర్వాత జర్మనీలో నాజీలు తగలబెట్టిన పుస్తకాల్లో లండన్‌వీ ఉన్నాయి.

ఇక దాచకూడని సంగతి. శ్రమజీవుల పక్షాన నిలిచిన ఈ మనిషి తెల్లజాతి ఆధిక్యాన్ని నమ్మాడు. 1904లో రష్యా, జపాన్ యుద్ధ విలేకరిగా వెళ్లి, ఆసియా జాతుల వల్ల పాశ్చాత్యులకు ముప్పు ఉందని వ్యాసం రాశాడు. 1910లో అచ్చయిన ఒక కథలో పాశ్చాత్య దేశాలు చైనా మీద రోగక్రిములు చల్లి జనాన్ని తుడిచిపెడితే, దాన్ని పెద్ద తప్పుగా చూపించలేదు. నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ 1908లో ప్రపంచ విజేత కాగానే, రిటైరైన తెల్లవాడు జెఫ్రీస్ మళ్లీ రింగులోకి దిగి జాన్సన్ నవ్వు చెరిపేయాలని లండన్ పిలుపునిచ్చాడు. ప్రెంటిస్ ఒడిలో పెరిగినవాడు రాసిన మాటలివి. కాలమే అలాంటిదని కొందరు సర్దిచెబుతారు. ఆ వాదన మాకు మింగుడుపడదు. జాతి సమానత్వం కోసం పోరాడుతున్నవాళ్లు అదే అమెరికాలో, అదే కాలంలో ఉన్నారు. కుష్ఠు పేరుతో తరిమే తెల్ల పాలకులను ఎదిరించిన హవాయి మనిషి గురించి, విప్లవానికి తుపాకుల కోసం ముష్టియుద్ధానికి దిగే మెక్సికన్ కుర్రాడి గురించి ఇదే లండన్ గొప్ప కథలు రాశాడు. ఆ రెండో కథ రాసిన మూడేళ్లకే, 1914లో, మెక్సికోలో అమెరికా సైన్యాల జోక్యాన్ని సమర్థించాడు. పొంతన కుదరదు. కుదర్చాల్సిన అవసరమూ లేదు.

కాలిఫోర్నియాలో కొన్న పొలంలో మెట్ల సేద్యం మొదలుపెట్టినప్పుడు ఆయన అనుసరించింది కొరియాలో చూసిన రైతుల పద్ధతినే. ముప్పు అని రాసినవాళ్ల దగ్గరే పాఠం నేర్చుకున్నాడన్నమాట. అక్కడ కట్టించుకున్న రాతి మేడ గృహప్రవేశానికి ముందే 1913లో కాలిపోయింది. అప్పులు, తాగుడు, మూత్రపిండాల జబ్బు. ఖర్చుల ఒత్తిడికి కథల ఇతివృత్తాలు కూడా కొనుక్కున్నాడు. అమ్మినవాడు సింక్లెయిర్ లూయిస్ అనే కుర్రాడు, తర్వాత సాహిత్యంలో నోబెల్ అందుకున్న మొదటి అమెరికన్. పోరాట పటిమ పోయిందంటూ సోషలిస్టు పార్టీకి రాజీనామా చేసిన 1916లోనే, నవంబర్ 22న, 40 ఏళ్లకు కన్నుమూశాడు. అప్పటికి 50 దాకా పుస్తకాలు రాశాడు.

తెలుగులోకి ఆయన రచనలు కొన్ని వచ్చాయి. ఈ 150వ ఏట మన ప్రచురణకర్తలు కుక్కల కథలనే రంగు బొమ్మలతో మళ్లీ వేస్తే లాభమేమీ లేదు. ఈస్ట్ ఎండ్ పుస్తకాన్ని, జైలు జ్ఞాపకాలను పూర్తి పాఠంతో తేవాలి. ఆ సంపుటాల్లో చైనా కథా ఉండాలి, జాక్ జాన్సన్ మీద రాసిన రిపోర్టులూ ఉండాలి. ముందుమాట రాసేవాళ్లు వాటిని పక్కకు నెట్టకుండా మాట్లాడాలి. మాన్యుయేల్ జీతం సంగతి చెప్పే వాక్యాన్ని బడిపిల్లల ప్రతిలోనైనా సరే, కొట్టేయకూడదు.