డుబ్రోవ్నిక్‌కు కావలసింది పైసా పైసా లెక్కపెట్టే యాత్రికుడే

క్రొయేషియా సముద్ర తీరంలోని డుబ్రోవ్నిక్ నగరం గురించి ఈ మధ్య ఎక్కడ చూసినా రెండే మాటలు. ఒకటి, జనం కిక్కిరిసిపోతున్నారు. రెండు, ధరలు మండిపోతున్నాయి. ఈ రెంటినీ కలిపి పర్యాటక మేధావులు మూడో మాట తయారు చేశారు: ధరలు ఇంకా పెంచితే రద్దీ దానంతటదే తగ్గుతుందట, డబ్బున్న 'నాణ్యమైన' పర్యాటకులు మాత్రమే మిగులుతారట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నేరం ఒకరిది, శిక్ష మరొకరికి. ఆ నగరాన్ని ఇరుకున పెట్టింది తక్కువ డబ్బుతో వచ్చేవాడు కాదు. బస్సు దిగి, కోట బయట గ్రూజ్‌లోనో లాపాద్‌లోనో ఒక గది తీసుకుని, బేకరీలో తింటూ నాలుగు రోజులు ఉండేవాడే దానికి మేలు చేసే అతిథి. వాణ్ణి తరిమేసే విధానం న్యాయంగానూ లేదు, లాభసాటిగానూ లేదు.

నేపథ్యం చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1979లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన కోట నగరం. 1991 చివర్లో యుగోస్లావ్ సైన్యం ఫిరంగి గుండ్లకు దెబ్బతింది. తిరిగి నిలబడింది. తర్వాత ఒక అమెరికన్ టీవీ సీరియల్ వచ్చి ఆ గోడలను ప్రపంచమంతటికీ చూపించింది. పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలు బారులు తీరాయి. యునెస్కో హెచ్చరించింది. 2017లో మేయర్ అయిన మాటో ఫ్రాంకోవిచ్ 2019లో ఓడల కంపెనీలతో ఒప్పందం చేసుకుని, ఒకే సమయంలో రెండు ఓడలు, నాలుగు వేల మంది ప్రయాణికులు అన్న హద్దు పెట్టారు. అది మంచి పని. ఆయనకు ఆ మేరకు మార్కులు వేయాల్సిందే.

అయితే ఆ హద్దుతో పాటే టికెట్ ధరలు కూడా ఎక్కుతూ వచ్చాయి. సుమారు రెండు కిలోమీటర్ల కోటగోడ మీద నడవడానికి 2025 వేసవిలో మనిషికి 40 యూరోలు. మన లెక్కలో నాలుగు వేల రూపాయల చిల్లర. భార్యాభర్తలు ఒకసారి గోడ ఎక్కి దిగితే ఎనిమిది వేలు. సర్జ్ కొండ మీదికి రోప్‌వేలో పోయి రావడానికి పాతిక యూరోలు దాటింది. పాత నగరంలో ఒక పాస్తా ప్లేటు 20 యూరోల పైమాటే, మంచినీళ్ల సీసాకు మళ్లీ వేరే బిల్లు. ఇవన్నీ కూడి ఒక రోజు ఖర్చు చూస్తే సగటు ఉద్యోగికి టెన్షన్ పుట్టడం ఖాయం.

ఇప్పుడు ఓడ ప్రయాణికుడి రోజు చూడండి. పొద్దున ఓడలో కడుపు నిండా టిఫిన్ చేసి గ్రూజ్ రేవులో దిగుతాడు. అందరూ వచ్చే గంటకే తనూ వస్తాడు, కోటలోకి దారి అయిన పీలే ద్వారం దగ్గర నిలబడతాడు, స్త్రాదున్ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తాడు, ఐస్‌క్రీమ్ కొంటాడు, భోజనం వేళకో సాయంత్రానికో ఓడెక్కేస్తాడు. పడక ఓడలోనే, రాత్రి భోజనం ఓడలోనే. నగరానికి మిగిలేది తొక్కిసలాట. అదే బస్సులో వచ్చిన కుర్రాడైతే గది అద్దె స్థానిక ఇంటావిడకు ఇస్తాడు, కూరగాయలు గ్రూజ్ సంతలో కొంటాడు, సిటీ బస్సెక్కుతాడు. మధ్యాహ్నం రద్దీలో కోటలోకి రావాల్సిన అవసరమే అతనికి లేదు. పొద్దున ఏడింటికి వస్తాడు, లేదా ఓడలు వెళ్లిపోయాక వస్తాడు. ఇద్దరిలో ఖరీదైన టికెట్ చూసి వెనక్కి తగ్గేది ఎవరు? ఓడలో వేలు పోసినవాడికి 40 యూరోలు ఒక లెక్క కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

వెనిస్‌ను చాలామంది తిడతారు గానీ ఈ విషయంలో ఆ నగరం కాస్త నయం. 2024లో అక్కడ ప్రవేశ రుసుం మొదలుపెట్టినప్పుడు, ఒక్క పూటకు వచ్చి పోయేవాళ్ల మీదే వేశారు. రాత్రి బస చేసేవాళ్లను మినహాయించారు. ఆ రుసుంతో రద్దీ తగ్గిందా అన్నది వేరే చర్చ. కనీసం గురి సరైన చోట పెట్టారు.

అవతలి వాదన కూడా వినాలి. కోటగోడలను చూసుకునేది 1952లో మొదలైన ఒక పురావస్తు మిత్రుల సంఘం. గోడల మరమ్మతులకు డబ్బు ఈ టికెట్ల నుంచే వస్తుంది. వేసవి ఎండలో ఆ ఇరుకు గోడ మీద వేలమంది ఒకరి వెనుక ఒకరు నడిస్తే రాయీ అరుగుతుంది, మనుషులూ సొమ్మసిల్లుతారు. ఏదో ఒక అడ్డు ఉండాలి, డబ్బు కంటే సులువైన అడ్డు ఏముంది అంటారు. మరమ్మతుకు డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. కానీ రద్దీకి మందు ధర కాదు, సమయం. గంటకు ఇంతమందే అని ముందుగా స్లాట్లు ఇవ్వొచ్చు. శీతాకాలంలో ఇదే గోడ టికెట్ సగానికో అంతకంటే తక్కువకో వస్తుంది. అంటే కాలాన్ని బట్టి ధర మార్చడం వాళ్లకు తెలియని విద్యేమీ కాదు. దాన్నే పగటికీ సాయంత్రానికీ ఎందుకు వర్తింపజేయరు?

అసలు సంగతి ఏమిటంటే, ఈ నగరాన్ని తక్కువ ఖర్చుతో చూడటం ఇప్పటికీ సాధ్యమే. కాకపోతే ఆ దారి ఏ ప్రకటనలోనూ కనిపించదు. గోడ ఎక్కి తీరాలనుకుంటే గోడ టికెట్ ఒక్కటే కొనడం తెలివితక్కువ. దాదాపు అదే ధరకు డుబ్రోవ్నిక్ పాస్ వస్తుంది, అందులో గోడతో పాటు రెక్టర్ ప్యాలెస్ వంటి మ్యూజియాలు, ఒక రోజు సిటీ బస్సు ప్రయాణం కలిసి ఉంటాయి. సర్జ్ కొండకు రోప్‌వే అక్కర్లేదు. వంపులు తిరిగే కాలిబాట ఉంది, గంట నడక, పైసా ఖర్చు లేదు. పైన ఫ్రెంచివాళ్లు కట్టిన పాత కోట ఉంటుంది, అందులో 1990ల యుద్ధపు మ్యూజియం. ఎండ ముదరక ముందే ఎక్కాలి, దారిలో నీడ తక్కువ. ఈత కొట్టాలంటే బాన్యే బీచ్‌లో అద్దె కుర్చీల కోసం డబ్బు తగలేయనక్కర్లేదు. గోడకు పడమటి వైపు దాన్చే రాళ్ల మీద స్థానికులే ఈదుతారు, వాళ్ల పక్కన తువ్వాలు పరుచుకోవచ్చు. పక్క ఊరు చావ్తాత్‌కు సిటీ బస్సు పోతుంది, దారి పొడవునా సముద్రమే.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. 2023 జనవరి 1న క్రొయేషియా ఒకే రోజున షెంగెన్‌లోనూ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) యూరోలోనూ చేరింది. దాంతో జర్మనీలో, ఇటలీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఈ తీరం వేరే వీసా లేకుండానే అందుబాటులోకి వచ్చింది. ఇటలీలోని బారీ నుంచి సీజన్‌లో ఫెర్రీ ఉంది. రైలు మాత్రం లేదు, స్ప్లిట్ అనే నగరం దగ్గరే పట్టాలు ఆగిపోతాయి. అక్కణ్నుంచి నాలుగైదు గంటల బస్సు. ఒకప్పుడు ఆ బస్సు బోస్నియాకు చెందిన నెయుమ్ గుండా పోయేది, రెండు చోట్ల సరిహద్దు తనిఖీ. 2022 జూలైలో పెల్యెషాత్స్ వంతెన తెరిచాక ఆ బెడద తప్పించుకునే వీలు కలిగింది. టికెట్ కొనేటప్పుడే బస్సు వంతెన మీదుగా పోతుందా లేదా అని అడగండి. ఇక హైదరాబాద్ నుంచి 90 యూరోల ఫీజు కట్టి సింగిల్ ఎంట్రీ వీసాతో వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక: మోస్తార్, కోటోర్ అంటూ వీధి వీధినా డే ట్రిప్పులు అమ్ముతుంటారు. పొరుగు దేశాల్లోని ఆ రెండు ఊళ్లూ షెంగెన్ బయట ఉన్నాయి. ఉత్సాహపడి బస్సెక్కితే తిరిగి డుబ్రోవ్నిక్‌లోకి రావడానికి మీ దగ్గర వీసా ఉండదు, మీ సామాను హోటల్‌లో ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలి? జూలై, ఆగస్టు వదిలేయండి. నన్నడిగితే ఫిబ్రవరి. ఆ నెల 3న నగర రక్షకుడైన సెయింట్ బ్లేజ్ పండుగ. వెయ్యేళ్ల పైబడిన వేడుక అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు, 2009లో యునెస్కో కూడా గుర్తించింది. చుట్టుపక్కల పల్లెల నుంచి పెద్ద పెద్ద జెండాలు పట్టుకుని జనం వస్తారు. ఆ రోజు ఆ వీధులు పర్యాటకులవి కావు, ఊరివాళ్లవి. గది అద్దె వేసవిలో కంటే బాగా తక్కువ. చలి ఉంటుంది, వాన పడొచ్చు, కొన్ని హోటళ్లు మూసి ఉంటాయి. సముద్రంలో దిగలేరు. ఆ మాత్రం రాజీ పడగలిగితే వేసవిలో డబ్బు పోసినా దొరకని నగరం దొరుకుతుంది.

ఇంతవరకు చెప్పింది ఖర్చు లెక్క. నన్ను ఎక్కువగా పట్టి లాగేది దాని వెనకున్న ప్రశ్న. పేద యాత్రికుడు ఆ నగరంలో ఒక రోజు గడపగలుగుతున్నాడంటే దేని మీద ఆధారపడి? పీలే ద్వారం దాటగానే ఒనోఫ్రియో ఫౌంటెన్ ఉంది. 1438లో, పన్నెండు కిలోమీటర్ల దూరం నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. ఆ తూముల నుంచి ఈనాటికీ తాగునీరు ఉచితంగా వస్తోంది. పక్క దుకాణంలో అదే నీళ్లకు మూడు యూరోలు అడుగుతారు! అప్పట్లో ఈ నగర రాజ్యం పేరు రగూసా రిపబ్లిక్. ప్రజాస్వామ్యమేమీ కాదు, కొన్ని ప్రభువుల కుటుంబాలు నడిపిన రాజ్యం. ఒకడి చేతిలో అధికారం ముదరకూడదని రాజ్యాధినేత అయిన రెక్టర్ పదవిని నెల రోజులకే పరిమితం చేసినంత అనుమానపు రాజ్యం కూడా. కానీ ఆ వర్తక ప్రభువులే 1377లో రోగం సోకిన ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లకు క్వారంటైన్ పెట్టారు, 1416లో బానిసల వ్యాపారాన్ని నిషేధించారు, 1432లో అనాథ శిశువులకు ఆశ్రయం కట్టారు. అందరికీ పనికొచ్చే వాటి మీద రాజ్యం ఖర్చు పెట్టాలన్న బుద్ధి వాళ్లకుంది. ఎంత బంగారం ఇచ్చినా స్వేచ్ఛను అమ్ముకోకూడదని లోవ్రియెనాత్స్ కోట గుమ్మం మీద చెక్కించారు. ఇప్పుడు ఆ గుమ్మం దాటాలన్నా టికెట్ చూపించాలి.

మరీ పాతకాలం దాకా పోనక్కర్లేదు. ఈ తీరంలో ఆధునిక పర్యాటకం పెరిగిందే మామూలు జనం మీద. క్రొయేషియా యుగోస్లావియాలో భాగంగా ఉన్న కాలంలో కార్మిక సంఘాలు, ఫ్యాక్టరీలు తమ వాళ్ల కోసం సముద్రపు ఒడ్డున విడిది గృహాలు కట్టాయి. మిల్లులో పనిచేసేవాడు కుటుంబంతో వచ్చి తక్కువ ఖర్చుతో రెండు వారాలు ఉండి పోయేవాడు. అందరికీ ఆ అదృష్టం సమానంగా దక్కలేదు, అధికారుల విడుదుల దర్జా వేరు. డుబ్రోవ్నిక్ పక్కనే కూపారిలో సైన్యం వాళ్లకు ఏకంగా హోటళ్ల సముదాయమే ఉండేది. యుద్ధంలో కాలి, దోపిడీకి గురై, మొండి గోడలతో దశాబ్దాల పాటు నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడ విలాసవంతమైన రిసార్ట్ కట్టాలన్నది ప్రణాళిక. సెలవు అనేది హక్కుగా ఉన్న చోటు, కొనుక్కోగలిగినవాడి సౌఖ్యంగా మారిపోతోంది.

అయినా ఒక్క విషయంలో క్రొయేషియా చట్టం గట్టిగా ఉంది. సముద్ర తీరం ఉమ్మడి ఆస్తి, ఎవరికీ సొంతం కాదు, లీజుకు మాత్రమే ఇవ్వొచ్చు. 2023లో ఆ చట్టాన్ని మార్చినప్పుడు లీజుల పేరుతో బీచ్‌లు చేజారిపోతాయేమోనని అక్కడి జనం ఆందోళన చేశారు. అదే ఏడాది విశాఖలో రుషికొండ బీచ్‌కు ప్రవేశ రుసుం అన్నప్పుడు మనవాళ్లు గోల చేస్తే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు. భయం మాత్రం ఒకటే: ఇవాళ ఇరవై రూపాయలే కదా అని ఊరుకుంటే రేపు గేటు పడుతుందని.

ధరల పెంపు నగరవాసులను కాపాడటానికే అనేవాళ్లు ఒక లెక్క చూడాలి. 1991లో కోట లోపల సుమారు ఐదు వేల మంది ఉండేవారు. ఇప్పుడు పదిహేను వందల పైచిలుకు అంటే గొప్ప. అన్నేళ్లుగా టికెట్లు పెరుగుతూనే ఉన్నాయి, జనం ఖాళీ అవుతూనే ఉన్నారు. ఇళ్లు పర్యాటకుల అపార్ట్‌మెంట్లు అయిపోయాయి. అందులో దిగేది బేకరీ బ్యాచ్ కాదు, ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లే. దేశం మొత్తం మీద చూసినా 2011, 2021 జనాభా లెక్కల మధ్య నాలుగు లక్షల మంది తగ్గారు, ఎంతోమంది యువకులు జర్మనీకీ ఐర్లండ్‌కీ వెళ్లిపోయారు. వాళ్ల ఖాళీల్లో ఇప్పుడు నేపాల్, భారత్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు గిన్నెలు తోముతున్నారు, గదులు సర్దుతున్నారు, ఫుడ్ డెలివరీ చేస్తున్నారు. 'నాణ్యమైన' పర్యాటకుడి పక్క సర్దే ఆ మనిషి తన సెలవు రోజున కోటగోడ ఎక్కగలడా? 40 యూరోలు పెట్టి ఎక్కడు.

కాబట్టి డుబ్రోవ్నిక్ నగరపాలక సంస్థ రద్దీ తగ్గించాలనుకుంటే ముందు ఓడల మీద తలకింత అని గట్టిగా వసూలు చేయాలి. కోట లోపల పర్యాటకుల అద్దెలకు కొత్త అనుమతులు ఇవ్వకూడదన్న పట్టును సడలించకూడదు. కనీసం రెండు మూడు రాత్రులు బస చేసేవాళ్లకూ, అక్కడే పనిచేసే వలస కార్మికులకూ గోడ టికెట్ శీతాకాలపు ధరకే ఇవ్వాలి, అది కూడా ఓడలు వెళ్లిపోయాక సాయంత్రపు స్లాట్లలో. గోడ మీద అప్పుడు ఎండా ఉండదు, రద్దీ కూడా ఉండదు.