తాటిచెట్టు కింద పాలు

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. ఇన్నేళ్లలో తాటిచెట్టు కింద పాలు తాగుతున్నవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు గనక, లోకం ఎవరికో అన్యాయం చేసేసిందని వాదించడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ సామెతలో ఒక లొసుగు మాత్రం ఉంది. ఆ చెట్టు ఏ దేశంలో ఉండాలో పెద్దలు చెప్పలేదు. అంబాజీపేట దగ్గర తాటిచెట్టు కింద కూర్చున్నవాడు తాగుబోతు. మ్యూనిక్‌లో చెస్ట్‌నట్ చెట్టు కింద లీటరు గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు ప్రపంచం చూసినవాడు. ఆ ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడితే అత్తగారు స్వయంగా రెండు చేతులూ జోడించిన బొమ్మ పెడుతుంది.

కాబట్టి గోదావరి డెల్టాలో బీరు పరిస్థితి మీద ఒక శ్వేతపత్రం అవసరమని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగితే పేరు బయటికొస్తుందని వాళ్ల భయం.

ముందుగా, మన ఇళ్లల్లో కొత్తగా తయారవుతున్న బీరు పండితుల సంగతి. ఇదివరకు సంక్రాంతికొచ్చిన అల్లుడు పందెం కోళ్ల గురించి మాట్లాడేవాడు. కాకి, డేగ, నెమలి అంటూ రంగు చూసి జాతకం చెప్పేవాడు. ఇప్పటి అల్లుడు లాగర్, ఏల్, స్టౌట్ అంటూ రంగు చూసి జాతకం చెబుతున్నాడు. పాత అల్లుడు పందెంలో డబ్బు పోగొట్టుకునేవాడు. కొత్త అల్లుడు కూడా పోగొట్టుకుంటాడు గానీ బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటుంది గనక పరువుకి లోటు లేదు.

మా తోడల్లుడు ఈ కోవలోవాడే. బెంగళూరులో ఉద్యోగం, అక్కడికక్కడే బీరు తయారుచేసి అమ్మే ఇందిరానగర్ మైక్రోబ్రూవరీల్లో పరిశోధన. నన్ను కూడా ఒక దానికి తీసుకెళ్లాడు. అద్దాల గదిలో పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు నిలబెట్టి, వాటి మీదికి లైట్లు వేశారు. మా ఊరి రైసుమిల్లు బాయిలర్ ఇంత గౌరవం ఎన్నడూ ఎరగదు. చెక్కపలక మీద ఆరు బుల్లి గ్లాసులు వరసగా పెట్టి తెచ్చారు. ఒక్కోదాంట్లో నాలుగు గుక్కలు. మావాడు గోధుమ బీరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "అన్నయ్యగారూ, అరటిపండు తెలుస్తోందా?" అన్నాడు.

తెలిసింది. తెలియక ఏం చేస్తుంది? రావులపాలెం అరటి మార్కెట్లో గెలల మధ్య పెరిగిన మనిషి, అరటిపండు వాసన కోసం బెంగళూరు వచ్చి డబ్బిచ్చి పరవశిస్తుంటే చూడ్డానికి ముచ్చటేసింది. "చక్కెరకేళా, కర్పూరమా?" అని అడిగాను. ఆ ప్రశ్న అతనికి నచ్చలేదు. బీరులో అరటిపండు వెయ్యరట. పులిసేటప్పుడు ఈస్టే ఆ వాసన పుట్టిస్తుందట, దాంతోపాటు కాస్త లవంగం వాసన కూడా. అది నిజమే. జర్మన్ల హెఫెవైజెన్ అనే గోధుమ బీరుకున్న పేరంతా ఆ ఈస్టు చలవే. అరటిపండు దొరికింది గానీ లవంగం నా ముక్కుకి అందలేదు. లవంగం అందనివాడితో కలిసి తాగడం నామోషీ అనిపించిందేమో, మిగిలిన గ్లాసులు అతనే తన వైపు జరుపుకున్నాడు.

తర్వాత కంపెనీ పని మీద యూరప్ వెళ్లొచ్చాడు. బ్రసెల్స్‌లో లాంబిక్ అనే బీరు తాగాడు. అక్కణ్ణుంచి మనిషి మనిషి కాడు. సంక్రాంతికి అత్తారింటి అరుగు మీద కూర్చుని దాని మహత్యం పురాణంలా వినిపించాడు. గోధుమలూ బార్లీ ఉడికించిన రసాన్ని పైకప్పు కింద వెడల్పాటి తొట్టిలో పోసి, రాత్రంతా మూత లేకుండా వదిలేస్తారు. ఈస్టు వెయ్యరు. గాల్లో తిరిగే సూక్ష్మజీవులే వచ్చి పడి పులియబెడతాయి. ఎండాకాలం గాల్లో పనికిమాలిన క్రిములు ఎక్కువ గనక చల్లటి నెలల్లోనే చేస్తారు. పీపాల గదిలో సాలెగూళ్లు దులపరు, సాలీళ్లు పురుగుల్ని తింటాయని. తాగితే పుల్లగా ఉంటుంది. కాంటియాన్ అనే బ్రూవరీ 1900లో మొదలై ఇప్పటికీ ఇదే పద్ధతిలో చేస్తోంది. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చింది.

మా మామగారు అంతా ఓపిగ్గా విని, "అంటే కల్లేగా అల్లుడుగారూ" అన్నారు.

తోడల్లుడి మొహం మాడిపోయింది. కానీ మామగారి మాటలో శాస్త్రం ఉంది. తాటిచెట్టుకైనా కొబ్బరిచెట్టుకైనా పూగెల చివర చెక్కి లొట్టి కడితే, చుక్కచుక్కగా దిగే తియ్యటి నీరు చెట్టు మీదే పులవడం మొదలుపెడుతుంది. ఎవరూ ఈస్టు వెయ్యరు. గాలీ, పాత లొట్టీ కలిసి ఆ పని చూసుకుంటాయి. లొట్టి లోపల సున్నం పూస్తే పులవడం ఆగి, మత్తు లేని తియ్యటి నీరా అవుతుంది. సున్నం లేకపోతే పొద్దున్న దింపినప్పుడు తియ్యగా, పొద్దెక్కేసరికి పుల్లగా, మధ్యాహ్నం దాటితే ఘాటుగా తయారవుతుంది. ఒకే చెట్టు, మూడు రుచులు. వాటిని చెక్కపలక మీద వరసగా పెట్టి అమ్మాలని తట్టక మన గీత కార్మికుడు ఒకే లొట్టిలోంచి అందరికీ పోసేస్తున్నాడు. అందులో మత్తు సుమారు 4, 5 శాతం. మామూలు లైట్ బీరంత. మన షాపుల్లో దొరికే స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా పోతుంది, అయినా కల్లు తాగేవాడే మనకి లోకువ.

బ్రసెల్స్‌లో తొట్టికి మూత పెట్టకుండా నిద్రపోయేవాణ్ణి కళాకారుడంటారు. ఇక్కడ నడుముకి మోకు బిగించి పూటపూటా చెట్టెక్కే మనిషి పడిపోతే, ఇంట్లోవాళ్లు ఎక్స్‌గ్రేషియాకి అర్జీ పట్టుకుని తిరగాలి. రెండూ గాలిని నమ్ముకున్న వృత్తులే. ఒకటి ప్రపంచ వారసత్వం, ఇంకోటి ఎక్సైజు వారి పద్దు.

ఒక తేడా మాత్రం కాదనలేం. లాంబిక్ పీపాలో రెండేళ్లు, మూడేళ్లు ఊరుతుంది. కల్లు సాయంత్రానికే చేతులెత్తేస్తుంది. సీసాలో పెట్టి, లేబుల్ అంటించి, ఎయిర్‌పోర్టులో అమ్మడం అంత తేలిక కాదు. ఏ పెద్ద కంపెనీ దాని జోలికి రాకపోవడానికి అసలు కారణం అదే గానీ సంస్కారం కాదు. ఇంకో మాట సీరియస్‌గానే చెబుతున్నాను. చెట్టు కనబడని చోట కల్లు తాగకండి. తాటిచెట్టన్నది లేని పట్నాల్లో కాంపౌండ్ల నిండా కల్లు ఎలా వస్తుందో, దాంట్లో ఏ మత్తుమందు కలుపుతారో, ఆసుపత్రి పాలైనవాళ్ల ఉదంతాలు పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఇక మన బార్ల విషయానికొస్తే, వాటిని కట్టిన మేస్త్రీలు సినిమా హాళ్లు కట్టిన అనుభవంతో కట్టినట్టున్నారు. మిట్టమధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే ఏదీ కనబడదు. మెనూ చదవాలంటే సెల్‌ఫోన్ లైటు వేసుకోవాలి. లైటు వేస్తే పక్క టేబుల్ మీద మన ఊరి మాస్టారు కనబడతారు. ఆయనకీ మనం కనబడతాం. ఇద్దరం ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టం. మర్నాడు పొద్దున్న కాలవగట్టు మీద ఎదురైతే, "ఈ మధ్య కనబట్టం లేదేంటండీ" అని కుశలం అడుక్కుంటాం. ఇంతటి మర్యాద మ్యూనిక్ ఉన్న బవేరియాలో ఉండదు, అక్కడ పట్టపగలు పిల్లాపాపలతో వచ్చి కూర్చుంటారు. బెల్టు షాపుల సంగతైతే చెప్పక్కర్లేదు. మా మండలంలో అవి లేవని అధికారులు చెబుతారు, ఏ వీధిలో ఉన్నాయో పిల్లలు చెబుతారు.

మనకి లేనిది బీరు కాదు, బీరు మీద కోపం. 1838లో చెక్ దేశంలోని ప్లజెన్ ఊళ్లో, బీరు తాగడానికి పనికిరాకుండా ఉందని 36 పీపాలు టౌన్‌హాలు ముందు అందరూ చూస్తుండగా పారబోశారు. అంతటితో ఊరుకోలేదు. ఊరివాళ్లంతా కలిసి సొంత బ్రూవరీ కట్టుకున్నారు, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే పనివాణ్ణి తెచ్చుకున్నారు. 1842లో అతను తీసిన బంగారు రంగు బీరే పిల్స్‌నర్. ఇవాళ ప్రపంచంలో అమ్ముడుపోయే బీరులో సింహభాగం దాని సంతతే, మన బ్రాందీ షాపులో ఉన్న సీసాతో సహా. అదే దశాబ్దంలో ఇక్కడ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. వాళ్లకి బీరు దక్కింది, మనకి నీళ్లు దక్కాయి. ఎవరి ప్రాప్తం వాళ్లది.

మ్యూనిక్ వాళ్లు 1844లో బీరు ధర పెరిగిందని రోడ్డెక్కి బ్రూవరీల మీద పడితే, సాక్షాత్తూ రాజుగారే దిగొచ్చి ధర తగ్గించాడు. మరి మనం? 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వమే మద్యం దుకాణాలు నడిపింది. తెలిసిన సీసాలు మాయమై, తాతముత్తాతలెవరూ వినని పేర్లతో సీసాలు వచ్చాయి. ధర చూస్తే గుండె గుభేలుమనేది. గోదావరి జిల్లాల వెటకారమంతా కలిసి వాటి మీద జోకులు వేసింది. వేస్తూ వేస్తూ క్యూలో ముందుకి జరిగింది. ఒక్క సీసా అయినా ఏ కూడలిలోనూ పారబోసిన దాఖలా లేదు. అదేమంటే, "డబ్బులు పెట్టి కొన్నాం కదండీ" అంటారు.

విప్లవం మన వల్ల కాదు గనక విదేశీయానం చేశాం. ప్లేనెక్కక్కర్లేదు, యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండి, తర్వాత పుదుచ్చేరికి అంటుకుపోయిన సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఊరు. చుట్టూ మన జిల్లాలే, పన్నులు మాత్రం వేరు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో ఎత్తేసేదాకా, మా వైపు పెద్దమనుషులకి యానాంలో ఉన్నట్టుండి దూరపు చుట్టాలు పుట్టుకొచ్చారు. పరామర్శకి పోయినవాళ్లు చెక్‌పోస్టు దగ్గర స్కూటరు డిక్కీ తెరవమంటే పడిన టెన్షన్ ముందు, ఫ్రాంక్‌ఫర్ట్ ఇమిగ్రేషన్ ఎంత? మా తోడల్లుడి పాస్‌పోర్టులో ముద్రలు చూసి మామగారు చలించకపోవడానికి కారణం ఇదే. ఆయన పాతకాలపు అంతర్జాతీయ ప్రయాణికుడు.

సరే, ముడిసరుకు మాటేమిటి అంటారా? 1516లో, ఇక్కడ కృష్ణదేవరాయలు కళింగం మీద దండయాత్రలో ఉండగా, బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్లు తప్ప ఇంకేమీ వెయ్యకూడదని చట్టం చేశారు. ఈస్టు అనేదొకటి ఉందని వాళ్లకప్పటికి తెలియదు, మా నూకలున్నాయని అసలే తెలియదు. తర్వాత అమెరికావాళ్లు బడ్‌వైజర్‌లో బియ్యం వేసి బియ్యానికి న్యాయం చేశారు. వరి పండించే డెల్టా అయ్యుండి, మనం మాత్రం నూకలు కోళ్లకి వేసి ఆ కోళ్లని బీరులోకి నంజుకుంటున్నాం. దారి చుట్టు తిరుగుడైనా బియ్యం చేరాల్సిన చోటికే చేరుతోంది.

చల్లదనం దగ్గర మాత్రం నాకు నిజంగానే ఒళ్లు మండుతుంది. భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలకి కొదవ లేదు. వనామీ రొయ్య చెరువులోంచి తేలగానే దాని మీద ఐసు, కింద ఐసు, పక్కన ఐసు. లారీ పోయినంత మేరా రోడ్డు తడుపుకుంటూ పోతుంది. అదే రోడ్డు పక్కన షాపులో నడివేసవిలో బీరడిగితే, కుర్రాడు తల కూడా ఎత్తకుండా "కూలింగ్ లేదండి" అంటాడు. చచ్చిన రొయ్యకున్న భోగం బతికున్న మనిషికి లేదు. కూలింగ్ ఉన్నరోజున సీసా మీద పది రూపాయలు ఎక్కువ ఎందుకని అడిగామా, కరెంటు బిల్లు మన చేతిలో పెట్టినట్టు చూస్తాడు.

అందువల్ల నా సిఫార్సులు కొన్ని. బార్లకి కిటికీలు పెట్టాలి, మాస్టారుకీ నాకూ నమస్కారం పెట్టుకునే హక్కు కల్పించాలి. ఐసు లారీ ప్రతి షాపు ముందూ ఐదు నిమిషాలు ఆగాలి. బవేరియాలో 1812లో రాజు, బ్రూవరీలవాళ్లు చెట్ల కింద బీరు అమ్ముకోవచ్చు గానీ తిండి అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. అప్పట్నుంచీ అక్కడి బీరు తోటల్లోకి ఇంటి నుంచి తిండి తెచ్చుకోవడం రివాజు. ఆ రివాజు మన కొబ్బరితోటల్లోకి తెస్తే, క్యారేజీలో రొయ్యల వేపుడు పట్టుకుని కుటుంబ సమేతంగా వెళ్లొచ్చు. ఆ క్యారేజీ ఎవరు కడతారన్న ప్రశ్న మా ఇంట్లో చర్చకి పెట్టాను. వచ్చిన జవాబు అచ్చుకి పనికిరాదు.

ఒక్క విదేశీ పద్ధతి మాత్రం మన దగ్గర చెల్లదు. కొలోన్‌లో కోల్ష్ అనే బీరుని 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసుల్లో పోస్తారు. వడ్డించేవాణ్ణి మనం అడగక్కర్లేదు. గ్లాసు ఖాళీ అవగానే ఇంకోటి పెట్టి, గ్లాసు కింది అట్టముక్క మీద ఒక గీత గీసి పోతాడు. చాలనుకుంటే ఆ అట్టముక్క గ్లాసు మీద మూతలా పెట్టాలి, అప్పుడే ఆగుతాడు. మొన్న పండక్కి డాబా మీద మా తోడల్లుడు ఈ ఆచారం ప్రవేశపెట్టాడు. పాత శుభలేఖ చింపి, ముక్క గ్లాసు మీద బోర్లించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మామగారు సీసా పట్టుకుని వచ్చి, "దుమ్ము పడుద్దని మూసేరాండీ?" అంటూ అట్టముక్క తీసి జేబులో పెట్టుకుని, అంచుదాకా పోశారు.