టెన్నిస్ వీడియో గేమ్‌లో బంతి అవుట్ ఎందుకు కాదు?

రోజర్ ఫెడరర్ తన కెరీర్‌లో 1,526 సింగిల్స్ మ్యాచ్‌లు ఆడి దాదాపు 80 శాతం గెలిచాడు. పాయింట్ల లెక్క తీస్తే మాత్రం గెలిచింది 54 శాతమే. 2024లో డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో ఆయనే ఈ లెక్క చెప్పాడు. అంత గొప్ప ఆటగాడు కూడా ప్రతి వంద పాయింట్లలో 46 పోగొట్టుకున్నాడన్నమాట. టెన్నిస్‌లో టెన్షన్ అంతా ఆ కాస్త తేడాలోనే ఉంటుంది, సెట్‌లో రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ అయితే చాలు, మ్యాచ్ చేతులు మారిపోతుంది.

ఇప్పుడు ఏదో ఒక టెన్నిస్ వీడియో గేమ్ పెట్టి చూడండి. కొన్నాళ్లు చేయి తిరిగాక మీడియం లెవెల్‌లో కంప్యూటర్‌ని 6-0, 6-0తో చితక్కొట్టేస్తుంటారు. బోర్ కొట్టి లెవెల్ పెంచారనుకోండి, అవతలివాడు రాత్రికి రాత్రి గోడలా మారిపోతాడు, ఎక్కడ కొట్టినా అందుకుంటాడు, అలసిపోడు, తడబడడు, ఇరవై షాట్ల ర్యాలీ తర్వాత ఓపిక నశించి మీరే ఏదో పిచ్చి షాట్ కొట్టి పాయింట్ ఇచ్చేసుకుంటారు. ఈ రెండు లెవెల్స్‌కీ మధ్య ఉండాల్సిన టెన్నిస్ మాత్రం ఎక్కడా దొరకదు. గ్రాఫిక్స్ బాలేదనీ, ఫలానా ప్లేయర్ లేడనీ జనం ఎంత గోల పెట్టినా ఈ గేమ్‌ల అసలు జబ్బు అది కాదు. వీటికి తప్పు చేయడం రాదు. అవతలి ఆటగాడితో నమ్మేలా తప్పు చేయించలేవు, మనం తప్పు చేస్తే ఎందుకు చేశామో అర్థమయ్యేలా చూపించలేవు.

కారణం షాట్‌ని లెక్కగట్టే పద్ధతిలోనే ఉంది. చాలా గేమ్‌ల్లో మీరు కంట్రోలర్ స్టిక్ ఎటు నెడితే అటువైపు కోర్టులో ఒక చోటుని ఎంచుకుని, బంతి అక్కడ పడేలా దారి తయారుచేస్తారు. అంటే బంతి లోపల పడడం ముందే ఖాయమైపోయింది. దాన్ని బయటికి పంపాలంటే గేమే పనిగట్టుకుని గురి చెడగొట్టాలి, టైమింగ్ తప్పితే ఇంత, అలసిపోతే ఇంత, పరిగెడుతూ కొడితే ఇంత అని. నిజమైన కోర్టులో జరిగేది దీనికి సరిగ్గా తిరగబడిన వ్యవహారం. నెట్ మధ్యలో 0.914 మీటర్ల ఎత్తు, కోర్టు పొడవు 23.77 మీటర్లు, గట్టిగా కొట్టిన బంతి రాకెట్ ముఖం ఒకటి రెండు డిగ్రీలు తేడాగా ఉన్నా నెట్‌కో బయటికో పోతుంది. అక్కడ తప్పే సహజం, బంతిని లోపల ఉంచడమే నైపుణ్యం. నడాల్ ఫోర్‌హ్యాండ్‌లో నిమిషానికి 3,000 చుట్లు దాటే టాప్‌స్పిన్, అంటే బంతిని ముందుకి గిర్రున తిప్పడం, ఎందుకున్నట్టు? అంత బలంగా కొట్టినా బంతిని కిందికి దించి లోపల పడేయడానికి. గేమ్‌లో బంతి ఎలాగూ లోపలే పడుతుందంటే ఇక టాప్‌స్పిన్‌కి పనేముంది? అందుకే చాలా గేమ్‌ల్లో టాప్‌స్పిన్‌కీ, అలా తిప్పకుండా కొట్టే ఫ్లాట్ షాట్‌కీ తేడా బంతి వెనక కనిపించే రంగు గీతల వరకే మిగులుతుంది.

విచిత్రం ఏంటంటే, ఈ విషయం మొదటి ప్రయత్నంలోనే చాలావరకు సరిగ్గా కుదిరింది. 1958లో బ్రూక్‌హేవెన్ నేషనల్ లాబొరేటరీలో విలియం హిగిన్‌బోథమ్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త సందర్శకుల కోసం ఆసిల్లోస్కోప్ (కరెంటు తరంగాల్ని తెర మీద చూపించే పరికరం) మీద ‘టెన్నిస్ ఫర్ టూ’ తయారుచేశాడు. పక్క నుంచి చూసే కోర్టు, మధ్యలో నెట్, గురుత్వాకర్షణ. నాబ్ తిప్పి కోణం పెట్టుకుని బటన్ నొక్కాలి, కోణం తప్పితే బంతి నెట్‌కి తగులుతుంది. 1972లో వచ్చిన పాంగ్ అనే వీడియో గేమ్ లోకాన్ని ఊపేసింది కానీ, మన లెక్కలో అది ఒక అడుగు వెనక్కే. నెట్‌ని చుక్కల గీతగా మిగిల్చి గురుత్వాకర్షణని తీసేసింది, బ్యాట్ బంతి దాకా చేరితే చాలు, అది తిరిగి వెళ్లినట్టే. ఆ తర్వాత యాభై ఏళ్లుగా వచ్చిన టెన్నిస్ గేమ్‌ల్లో ఎక్కువ శాతం, ఎంత తళుకులద్దుకున్నా, లోపల పాంగ్ సంతానమే.

1999లో సెగా ఆర్కేడ్‌లలోకి తెచ్చిన ‘వర్చువా టెన్నిస్’ అయితే ఈ విషయంలో దాపరికం పెట్టుకోలేదు. అందులో బంతి అవుట్ కావడమే అరుదు, ముందుగా చోటు చేరుకుని బటన్ ఎంత తొందరగా పట్టుకుంటే షాట్ అంత పదునుగా వెళ్తుంది, అంతే. ఆర్కేడ్‌లో నాణెం వేసి ఆడేవాడికి అది చాలు. ఇప్పటికీ ఆ గేమ్ సరదాగానే ఉంటుంది, ఎందుకంటే తాను సిమ్యులేషన్ అని, అంటే నిజమైన ఆటకి అచ్చమైన నకలునని అది ఏనాడూ అబద్ధం చెప్పలేదు. మారియో టెన్నిస్‌ని కూడా నేను ఆ ఖాతాలోనే వేస్తాను, వాటితో నాకు పేచీ లేదు.

పేచీ అంతా సిమ్యులేషన్ అని బోర్డు పెట్టుకున్నవాటితోనే. ఈ దారిలో అందరికంటే ముందుకెళ్లింది టాప్ స్పిన్ అనే గేమ్ సిరీస్. 2008లో వచ్చిన మూడో భాగంలో బటన్ నొక్కి పట్టుకుని, బంతి రాకెట్ దగ్గరికొచ్చే క్షణంలో వదలాలి. ఏ మాత్రం తేడా వచ్చినా బంతి నెట్‌లోకి. మొదటి వారం నరకం, చాలామంది అక్కడే వదిలేశారు. నిలబడినవాళ్లు మాత్రం ఇంతవరకు అలాంటి గేమ్ మళ్లీ రాలేదంటారు, నేనూ వాళ్ల పక్షమే, ఎందుకంటే అందులో షాట్ పోతే ఎందుకు పోయిందో వేలికి తెలిసేది. 2011లో వచ్చిన నాలుగో భాగం దాన్ని కొంచెం మెత్తబరిచింది, బటన్‌ని తట్టి వదిలితే కంట్రోల్, నొక్కి పట్టుకుంటే పవర్. కొత్తవాళ్లకి అందింది, పాతవాళ్లకి లోతు మిగిలింది. ఆ ఏడాదే వర్చువా టెన్నిస్ 4, మరుసటి ఏడాది ఈఏ కంపెనీ నుంచి గ్రాండ్ స్లామ్ టెన్నిస్ 2 వచ్చాయి. అక్కడితో పెద్ద కంపెనీలు దుకాణం కట్టేశాయి.

తర్వాత దాదాపు ఆరేళ్లు కన్సోళ్లలో చెప్పుకోదగ్గ టెన్నిస్ లేదు. 2018లో ఒకేసారి రెండు వచ్చాయి, ఏఓ టెన్నిస్, టెన్నిస్ వరల్డ్ టూర్. రెండూ పచ్చిగానే బయటికొచ్చాయి, రెండోదానికైతే విడుదల రోజున ఆన్‌లైన్ ఆటే లేదు. బిగ్ యాంట్ స్టూడియో వాళ్ల ఏఓ టెన్నిస్, లోపాలు సరిదిద్దే ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లతో కాస్త మెరుగుపడింది, 2020లో వచ్చిన రెండో భాగం ఇంకొంచెం బాగుంది. ఇదే కాలంలో చిన్న టీమ్ చేసిన టెన్నిస్ ఎల్బో లాంటి గేమ్ బొమ్మల్లో పదేళ్లు వెనకబడి ఉండి కూడా ఆట విషయంలో వీటన్నిటికీ పాఠం చెప్పింది. లైన్‌కి దగ్గరగా గురిపెడితే అవుట్ అవుతుంది, లేటుగా చేరితే షాట్ చెడుతుంది. అభిమానులు దానికి సొంతంగా మాడ్స్ చేసుకుని కోర్టులు, ఆటగాళ్లని చేర్చుకుంటూ ఏళ్ల తరబడి ఆడుతూనే ఉన్నారు. అందం లేకపోయినా ఆట ఉంటే జనం ఉంటారనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి.

ఇక 2024 ఏప్రిల్‌లో టాప్‌స్పిన్ 2కే25. పదమూడేళ్ల ఎదురుచూపు. మైదానంలో ఆట విషయానికొస్తే, ఈ తరం గేమ్‌ల్లో ఇదే మెరుగు, ఒప్పుకోవాలి. షాట్ కొట్టగానే మీటర్ మీద తొందరపడ్డారా, ఆలస్యమైందా, సరిగ్గా కొట్టారా అని కనిపిస్తుంది. స్టామినా తగ్గితే షాట్ పలచబడుతుంది. కానీ ఆ మీటర్‌తోనే ఒక ఇబ్బంది మొదలైంది, కొన్నాళ్లకి మీరు బంతిని చూడడం మానేసి మీటర్‌నే చూస్తారు. టైమింగ్ బాగా పట్టుబడినవాళ్లకి ప్రతి షాటూ పర్ఫెక్టే, ఇద్దరు అలాంటివాళ్లు ఆన్‌లైన్‌లో తలపడితే మళ్లీ అదే అంతులేని ర్యాలీ. కోర్టులో ఏం ఆలోచించావు, ఎక్కడ నిలబడ్డావు అనేదాని కంటే బొటనవేలు ఎంత కచ్చితం అనేదే ఆటని తేలుస్తుంది. పైగా కెరీర్ మోడ్ ఒంటరిగా ఆడుకోవడానికి కూడా ఇంటర్నెట్ కావాలన్నారు, గేమ్ లోపల డబ్బుతో కొనే నాణేలు, సీజన్ పాస్‌లు పెట్టారు. ఆట గురించి మాట్లాడుకోవాల్సిన జనం మొదటి నెలంతా వాటి గురించే తిట్టుకున్నారు.

నిజమైన ఆటగాళ్లనీ టోర్నీలనీ గేమ్‌లో వాడుకునే లైసెన్స్‌ల గొడవని తొందరగా చెప్పి వదిలేస్తాను. టెన్నిస్‌కి ఒక యజమాని లేడు. మగవాళ్ల టూర్ నడిపే ఏటీపీ వేరు, ఆడవాళ్ల టూర్ నడిపే డబ్ల్యూటీఏ వేరు, అంతర్జాతీయ సమాఖ్య ఐటీఎఫ్ వేరు, నాలుగు గ్రాండ్ స్లామ్‌లు దేనికదే, ఆటగాళ్లు ఎవరికి వారే. 2కే25లో నాలుగు స్లామ్‌లూ ఉన్నాయి కానీ విడుదలప్పుడు జకోవిచ్, నడాల్, సినర్ లేరు. అదే ఏడాది బిగ్ యాంట్ తెచ్చిన ‘టైబ్రేక్’ ఏటీపీ, డబ్ల్యూటీఏల అధికారిక గేమ్, అందులో జకోవిచ్ ఉన్నాడు. ఒకదాంట్లో కోర్టులు, ఇంకోదాంట్లో ఆటగాళ్లు. చిరాకు పుట్టించే విషయమే, కాదనను, కానీ ముఖం జకోవిచ్‌దై, సర్వ్‌ని తిప్పికొట్టే రిటర్న్ అందరిలాగే ఉంటే ఆ లైసెన్స్ దేనికి?

నిజంగా పట్టించుకోవాల్సింది కాళ్ల సంగతి. టీవీలో బంతిని చూస్తాం, కోచ్‌లు మాత్రం కాళ్లని చూస్తారు. అవతలివాడు కొట్టే క్షణంలో చిన్న గెంతు, దిగగానే అటో ఇటో మొదటి అడుగు, చివర్లో బంతి దగ్గర చిన్న చిన్న సర్దుబాటు అడుగులు. షాట్ చెడిందంటే చాలాసార్లు చెడింది చేతిలో కాదు, అంతకు ముందు సెకనులో కాళ్ల దగ్గర. గేమ్‌ల్లో ఈ భాగాన్ని యానిమేషన్ మింగేస్తుంది. బటన్ నొక్కాక గేమే మీ ఆటగాణ్ని బంతి దగ్గరికి జార్చేస్తుంది, ఒక్కోసారి పాదాలు నేల మీద స్కేటింగ్ చేసినట్టు కనిపిస్తాయి కూడా. అప్పటికే రికార్డు చేసిపెట్టిన స్వింగ్‌లలో ఒకదాన్ని తెచ్చి అతికిస్తారు, ఆ స్వింగ్ పూర్తయ్యేదాకా మీ చేతిలో ఏమీ ఉండదు. కాళ్ల తప్పు మీది కానప్పుడు, చేతి తప్పు మీదని ఒప్పుకోవడం కష్టం. ‘నేను సరిగ్గానే నొక్కాను, గేమ్ మోసం చేసింది’ అనే మాట పుట్టేది ఇక్కడే, స్టూడియోలు కూడా ఈ ఫిర్యాదులకి భయపడే తప్పుల్ని తగ్గించేస్తాయని నా అనుమానం.

ఇక్కడ మాత్రం ఆశ పెట్టుకోవచ్చు. 2023లో స్టాన్‌ఫర్డ్, ఎన్విడియా పరిశోధకులు కొందరు టీవీ మ్యాచ్‌ల వీడియోల నుంచే స్ట్రోక్‌లు నేర్పి, ఫిజిక్స్ నియమాల ప్రకారం కదిలే బొమ్మ ఆటగాళ్లతో ర్యాలీలు ఆడించి చూపించారు. అతికించిన స్వింగ్ కాదు, శరీరం బంతిని అందుకోవడానికి తనే కదులుతుంది. ఇది గేమ్‌లోకి రావడానికి చాలా దూరం ఉంది, కంట్రోలర్ పట్టుకున్న మనిషి మాట అది వెంటనే వినాలి కదా. కానీ వస్తే తప్పుని బయటి నుంచి కలపాల్సిన పని తప్పుతుంది, ఆలస్యంగా చేరిన శరీరం నుంచి చెడ్డ షాట్ దానంతటదే పుడుతుంది.

ఆశ పెట్టుకోదగ్గ రెండోది డేటా. 2006 నుంచి పెద్ద టోర్నీల్లో హాక్-ఐ కెమెరాలు బంతి ఎక్కడ పడిందో నమోదు చేస్తున్నాయి, 2025లో వింబుల్డన్ లైన్ జడ్జిలనే తీసేసి ఎలక్ట్రానిక్ పద్ధతికి మారింది. ఒక ప్లేయర్ బ్రేక్ పాయింట్ (పోతే తన సర్వీస్ గేమే పోయే పాయింట్) దగ్గర సెకండ్ సర్వ్ ఎటు వేస్తాడు, బ్యాక్‌హ్యాండ్‌కి ఎత్తుగా వస్తే ఎన్నిసార్లు నెట్‌కి కొడతాడు, ఇవన్నీ ఇలాంటి డేటాలోంచి తీయగలిగినవే. కంప్యూటర్ ఆటగాళ్లకి 85, 92 అని మార్కులు వేసే బదులు ఎవరు ఏ పరిస్థితిలో ఎలా తప్పు చేస్తారో ఇచ్చి చూడండి, లెవెల్ పెంచడం అంటే గోడ కట్టడం అనే పద్ధతి అక్కడితో పోతుంది. ఆ సమాచారం టోర్నీల చేతిలో ఉంది, లైసెన్స్ బేరాల్లో ముఖాల బదులు అది అడగాలి.

ఆన్‌లైన్ సంగతి మరీ మొండి సమస్య. సెకనుకి 60 ఫ్రేమ్‌ల గేమ్‌లో ఒక ఫ్రేమ్ దాదాపు 17 మిల్లీసెకన్లు. టైమింగ్ కొద్ది ఫ్రేమ్‌ల మీద ఆధారపడిందంటే, 100 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ఆరు ఫ్రేములు గల్లంతు. ఫైటింగ్ గేమ్‌లు ఇదే జబ్బుకి రోల్‌బ్యాక్ పద్ధతితో (అవతలివాడు ఏం నొక్కుతాడో ఊహించి ఆటని నడిపించి, తప్పయితే వెనక్కెళ్లి సరిదిద్దడం) మందు కనిపెట్టుకున్నాయి. టెన్నిస్‌లో బంతి గాల్లో ఉండే సెకను పాటు కొట్టినవాడు దాన్ని మార్చలేడు, ఆ వ్యవధిలో ఆలస్యాన్ని సర్దేయడానికి బోలెడంత జాగా ఉంది. అయినా ఈ ఆటకి ఈ స్థాయి నెట్‌కోడ్ (ఆన్‌లైన్ ఆటని నడిపించే ప్రోగ్రామ్) మీద డబ్బు పెట్టే ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సంగతి అంటారా, బంతి లోతు కళ్లకి చక్కగా తెలుస్తుంది, చేయి నిజంగా తిప్పుతాం, కానీ 8.23 మీటర్ల వెడల్పు కోర్టులో పరిగెత్తడానికి గది చాలదు, మళ్లీ కాళ్ల దగ్గరే ఆగిపోతాం.

తర్వాత వచ్చే టెన్నిస్ గేమ్ ఏదైనా సరే, ట్రైలర్‌లో ఎవరి జుట్టు ఎంత బాగా ఎగురుతుందో చూపించక్కర్లేదు. మామూలు ప్లేయర్ ఇద్దరు ఆరు గేమ్‌ల సెట్లతో ఆడిన ఒక పూర్తి మ్యాచ్, చివర్లో వచ్చే లెక్కల పేజీ చూపిస్తే చాలు. అందులో అన్‌ఫోర్స్డ్ ఎర్రర్ల (ఒత్తిడి లేకుండానే చేసే తప్పుల) గడిలో సున్నాలు కాకుండా 22, 27 లాంటి అంకెలుండి, నాలుగైదు డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వ్‌లూ తప్పడం) పడి, సగానికి పైగా పాయింట్లు నాలుగు షాట్లలోపే ముగిసుంటే, కవర్ మీద ఎవరున్నారని అడక్కుండానే ప్రీ-ఆర్డర్ పెట్టేస్తాను.