అమ్మరాని పొలం, ఆగని ప్రయాణం

ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రాలో బుకిట్టింగి పట్నానికి ఎదురుగా, సియానోక్ లోయ అవతలి అంచున కోతో గదాంగ్ అని ఒక చిన్న ఊరుంది. చైనా గోడ తరహాలో లోయలోకి దిగి ఎక్కే మెట్ల దారి కట్టినప్పటి నుంచి సెల్ఫీల కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఊరికి పేరు తెచ్చింది మాత్రం సన్నటి వెండి తీగ పని. కరీంనగర్ ఫిలిగ్రీ ఎరిగినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. డచ్చి వాళ్ల కాలం నాటి పెద్ద పెద్ద ఇళ్లున్నాయి, చాలావాటికి తాళాలున్నాయి. సొంతదార్లు జకార్తాలోనో, ఇంకా దూరాన్నో ఉంటారు.

ఇండోనేషియా విదేశాంగ మంత్రిగా చేసిన అగుస్ సలీం ఈ ఊరివాడే. 1912లో ఆడవాళ్ల కోసం పత్రిక పెట్టిన రొహానా కుదుస్ పుట్టిందీ ఇక్కడే. తొలి ప్రధాని సుతాన్ స్యారిర్ తండ్రిదీ ఈ ఊరే. తొలి ఉపాధ్యక్షుడు మహమ్మద్ హట్టా లోయకు ఇవతల బుకిట్టింగిలో పుట్టాడు. ఇంత చిన్న చోటు నుంచి ఇంతమంది ఎలా వచ్చారంటే డచ్చి బడుల సంగతి చెబుతారు. అది నిజమే గానీ, నా లెక్కలో అసలు జవాబు వాళ్ల అమ్మల పొలాల దగ్గర ఉంది.

ఇది మినాంగ్‌కబావ్ జనం నేల. ప్రపంచంలో తల్లి వైపు నుంచి వంశం లెక్కగట్టే సమాజాల్లో వీళ్లదే పెద్దది. పైగా ఇస్లాంను గట్టిగా పాటించేవాళ్లు. పూర్వీకుల నుంచి వచ్చిన పొలం, ఇల్లు తల్లి నుంచి కూతుళ్లకు వెళ్తాయి. అలాగని ఏ ఒక్క కూతురికీ సొంతం కాదు, మొత్తం తల్లి వంశానిది. అనుభవించవచ్చు, అమ్మకూడదు. గేదె కొమ్ముల్లా పైకి లేచిన కప్పున్న ఉమ్మడి ఇళ్లలో గదులు పెళ్లైన ఆడవాళ్లకు ఇచ్చేవాళ్లు. ఎదిగిన మగపిల్లలు రాత్రిళ్లు సురావ్ అనే ప్రార్థనశాలలో పడుకునేవాళ్లు, ఖురాన్ చదువు, సిలాత్ అనే యుద్ధవిద్య అక్కడే. పెళ్లయ్యాక మగవాడు భార్య ఇంటికి వెళ్తాడు. మన దగ్గర ఎక్కడో ఒక ఇంట్లో కనిపించే ఇల్లరికం అక్కడ ఊరందరికీ ఆనవాయితీ. ఆ ఇంట్లో అల్లుడి స్థానం మొద్దు మీది బూడిద లాంటిదని, గాలొస్తే లేచిపోతుందని వాళ్లకో సామెత.

అమ్మ ఇంట్లో గది లేదు, అత్తింట్లో అధికారం లేదు. ఇక మిగిలింది ఊరు దాటడమే. కుర్రాడు దేశాంతరం పోయి సంపాదించుకు రావడాన్ని మరంతావ్ అంటారు. ఇంటి దగ్గర నీతో ఇంకా పనిలేదు, ముందు ఊరు దాటి వెళ్లమని పిల్లాడికి చెప్పే పాట కూడా ఉంది. పశ్చిమ సుమత్రా రాజధాని పదాంగ్ పేరుతో ఇండోనేషియాలో ఏ పట్నంలో చూసినా కనిపించే భోజన హోటళ్లు అలా బయల్దేరినవాళ్లవే. ప్లేట్ల మీద ప్లేట్లు ముంజేతి మీద పేర్చుకొచ్చి బల్ల నిండా పరిచేస్తారు. తిన్నదానికే డబ్బు. పాతకాలపు పద్ధతిలో నడిచే చోట పనివాళ్లకు నెల జీతం ఉండదు, లాభంలో వాటాలుంటాయి. వంటవాడికి ఇన్ని, వడ్డించేవాడికి ఇన్ని అని.

ఆస్తి లేక మగవాళ్లు వెళ్లగొట్టబడ్డారని చాలామంది రాస్తారు. నాకు అది సగం మాటే అనిపిస్తుంది. కొడుకు పట్నంలో దివాలా తీసినా ఇంటి దగ్గర అమ్మకు, అక్కచెల్లెళ్లకు తిండిగింజలకు లోటు రాదు, ఎందుకంటే ఆ పొలం అతని పందెంలో లేదు. మన ఊళ్లలో కుర్రాణ్ని గల్ఫ్‌కో అమెరికాకో పంపాలంటే ముందు కదిలేది ఎకరం పొలమే. ఏజెంటు మోసం చేస్తే అప్పు మిగులుతుంది, పొలం మిగలదు. మినాంగ్ కుర్రాడికి ఆ టెన్షన్ లేదు.

అలాగని ఆ పొలం ఎప్పటికీ కదలదని కాదు. తనఖా పెట్టడానికి ఆచారం నాలుగు కారణాలు ఒప్పుకుంటుంది. ఇంట్లో శవం ఉండి అంత్యక్రియలకు డబ్బు లేకపోవడం, ఉమ్మడి ఇంటి కప్పు కారడం, ఎదిగిన పిల్లకు పెళ్లి కాకపోవడం, పడిపోయిన వంశ గౌరవాన్ని నిలబెట్టాల్సి రావడం. నాలుగూ ఇంటి పరువుకు సంబంధించినవే. వ్యాపారం పెట్టుబడి, పిల్లాడి ప్రయాణం ఖర్చు అందులో లేవు. ఆచరణలో ఈ కారణాలను ఎప్పుడో సాగదీసేశారనుకోండి. తనఖా కూడా మన స్వాధీన తనఖా లాంటిదే: పొలం అప్పిచ్చినవాడి చేతికి పోతుంది, పంటే వడ్డీ. ఏడేళ్లు దాటిన తనఖా పొలాన్ని సొమ్ము తీసుకోకుండా వెనక్కి ఇచ్చేయాలని 1960లో ఇండోనేషియా ప్రభుత్వం చట్టం చేసింది. మంచి చట్టమే గానీ మినాంగ్ ఊళ్లలో పెద్దగా ఎక్కలేదు. అప్పు తీర్చకుండా పొలం అడగడం తప్పని జనం నమ్మకం.

ఇదంతా చదివి అక్కడ ఆడవాళ్ల రాజ్యం నడుస్తోందని పొంగిపోయేవాళ్లున్నారు. పొలం వాళ్లదే, మాట మాత్రం మేనమామది. వంశం తరఫున పంచాయితీలో కూర్చునేది, పత్రాల మీద సంతకం పెట్టేది అతనే. ఆడవాళ్ల సమ్మతి కావాలన్నది ఆచారం, అడుగుతారా లేదా అన్నది ఆ ఇంటి మనుషుల్ని బట్టి ఉంటుంది. మనం నవ్వడానికీ లేదు. 1985 నుంచే ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కిచ్చిన ఆంధ్రప్రదేశ్‌లో, అన్నదమ్ములు అడిగితే హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టిన ఆడబిడ్డలు ఎంతమంది లేరు!

ఈ ఏర్పాటు మీద మొదటి పెద్ద దాడి మతం వైపు నుంచి వచ్చింది. మక్కాలో ఇమాంగా ఉన్న అహ్మద్ ఖతీబ్ స్వయానా మినాంగ్ మనిషి, ఈ వారసత్వాన్ని ఆయన తీవ్రంగా ఖండించాడు. చివరికి 1952లో బుకిట్టింగిలో మత పెద్దలు, వంశ పెద్దలు కూర్చుని రాజీ తేల్చారు. పూర్వీకుల ఆస్తికి ఆచారం, సొంత సంపాదనకు ఇస్లాం చట్టమైన షరియా. తెలివైన రాజీయే. కాకపోతే సొంత సంపాదనతో కొన్న స్థలం, కట్టిన ఇల్లు ఇప్పుడు పిల్లలకే పోతున్నాయి. వంశం పెరుగుతోంది, ఉమ్మడి పొలం పెరగడం లేదు. కొన్ని ఇళ్లలో ఒకే మడిని అక్కచెల్లెళ్లు వంతులవారీగా సాగు చేసుకుంటున్నారు.

రెండో ఒత్తిడి పట్టా, బ్యాంకు, రోడ్డు. ఒకరి పేరున లేని భూమి మీద బ్యాంకు తేలిగ్గా అప్పివ్వదు. పదాంగ్ నుంచి సిచిన్‌చిన్ దాకా 36 కిలోమీటర్ల టోల్ రోడ్డుకు 2018లో శంకుస్థాపన చేస్తే, బండ్లు మామూలుగా తిరగడానికి 2025 వచ్చింది. భూసేకరణే పెద్ద అడ్డంకి, ఒక్కో ముక్కకు వంశం మొత్తం ఒప్పుకోవాలి మరి. అమరావతిలో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించగలిగారంటే ఎవరి పట్టా వాళ్ల చేతిలో ఉండబట్టే. టోల్ రోడ్డు ఆలస్యమైందని ఉమ్మడి హక్కును తీసేయమనే వాదనతో నేను ఏకీభవించను. ఉమ్మడి పట్టాలే ఇవ్వాలి. అయితే అందులో మేనమామ పేరు ఒక్కటే ఉండకూడదు. ఆ పొలం ఎవరి కడుపు నింపుతోందో ఆ ఆడవాళ్లందరి పేర్లూ ఉండాలి.

దీన్ని ఎవరు పట్టించుకుంటారన్నది వేరే సమస్య. రంజాన్ పండగకు పరవూళ్లో ఉన్నవాళ్లంతా బస్సులు, కార్లు కట్టుకుని కలిసి వస్తారు. పదాంగ్ – బుకిట్టింగి దారి కిక్కిరిసిపోతుంది. 2024 మేలో మరాపి అగ్నిపర్వతం బూడిద, బండరాళ్లతో వరద వచ్చి ఆ దారిని ఆనాయ్ లోయ దగ్గర తెంచేసింది, రెండు నెలలకు బాగుచేశారు. వచ్చినవాళ్లు మసీదుకు చందా ఇస్తారు, కారే కప్పు వేయిస్తారు, తనఖా విడిపిస్తారు. పూర్వం అలా పంపిన డబ్బుకు ఒక లెక్క ఉండేది: అది అక్కచెల్లెళ్ల ఇంటికి, మేనకోడళ్ల పొలానికి. ఇప్పుడు అతను జావా అమ్మాయిని పెళ్లి చేసుకుంటే పిల్లలకు మినాంగ్ వంశమే రాదు, ఆ పొలంతో వాళ్లకు సంబంధం లేదు. మేనకోడళ్లేమో వారసులే గానీ జకార్తాలో చదువుకుంటున్నారు, మడిని పాలుకు వేరేవాళ్లు చేస్తున్నారు. సంతకం పెట్టాల్సిన మేనమామ కూడా ఊళ్లో లేడు. ఇలాంటి వంశం పొలం ఈసారి తనఖాకు వెళ్తే విడిపించే పూచీ ఎవరిదో 1952 రాజీలోనూ రాయలేదు, 1960 చట్టంలోనూ లేదు.