సోమలింగం సింహరాశిలో ఉన్నాడా?

భూమికి అవతల జీవం ఉందా లేదా అని శాస్త్రవేత్తలు ఇంకా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. పాపం, వాళ్లు పేపర్లు చదవరనుకుంటా. మా లెక్కలో అదెప్పుడో దొరికింది. 1996లో అంగారకుడి నుంచి ఊడిపడ్డ ఉల్కలో దొరికింది. సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడు క్లింటనే దాని గురించి మాట్లాడారు. 2020లో శుక్రుడి మబ్బుల్లో దొరికింది. 2025 ఏప్రిల్‌లో సింహరాశిలో దొరికింది. దొరికిన ప్రతిసారీ ఈ శాస్త్రవేత్తలే ఎక్కడో పారేసుకుంటున్నారు.

సింహరాశి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అటువైపు 124 కాంతి సంవత్సరాల దూరంలో కే2-18బి అని ఓ గ్రహం. అది తన నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు దాని గాలిలోంచి వచ్చిన వెలుగును కేంబ్రిడ్జిలోని నిక్కు మధుసూదన్ బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో పరీక్షించింది. అందులో డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని దాయాది డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ, లేదా రెండూ గానీ ఉన్న ఛాయలు కనిపిస్తున్నాయంది. మన దగ్గర ఆ సల్ఫైడ్‌ను ఎక్కువగా సముద్రంలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. అయితే ఇది గాలివాటు ఫలితం కాదనే నమ్మకాన్ని సిగ్మాల్లో కొలుస్తారు; అది మూడు సిగ్మాల దగ్గరే ఉందని, ఐదు దాకా రావాలని వాళ్లే చెప్పారు.

ఇలాంటి చోటే ‘బహుశా’ అనే మాట పుడుతుంది. పరిశోధన పత్రంలో దానికి రాజభోగం. అక్కడి నుంచి చేతులు మారే కొద్దీ చిక్కిపోతుంది. మా డెస్కుకు చేరేసరికి అర్ధరాత్రి, హెడ్డింగులో మూడక్షరాలు ఎక్కువ. ఏ మూడు తీయాలో మీకు చెప్పక్కర్లేదు. బదులుగా చివర ఓ ప్రశ్నార్థకం తగిలించాం. అది ఒక్క అక్షరమంత చోటే తింటుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించేవాళ్లుంటారు. ముందే పేరు పెట్టకపోతే, తీరా పుట్టాక వాణ్ని ఏమని పిలుస్తారండీ?

అన్నట్టు, క్యాబేజీ ఉడికేటప్పుడు వచ్చే వాసనలోనూ ఈ డైమిథైల్ సల్ఫైడ్ ఉంటుంది. ఆ వార్త రాసిన రోజు మా ఇంట్లో క్యాబేజీ కూరే. మూత తీయగానే వంటింట్లో జీవం ఉందనడానికి ఆధారం నా ముక్కుకు తగిలింది. ఆ మాటే మా ఆవిడతో అన్నాను. “ఆ జీవమేదో ఇటొచ్చి కాస్త కొబ్బరి కోరిపెడితే బాగుండు,” అంది.

తర్వాత వేరే బృందాలు అదే సమాచారాన్ని మళ్లీ లెక్కగట్టి, అంత గట్టి ఆధారమేం లేదన్నాయి. పైగా 67పి తోకచుక్క వాయువుల్లోనూ ఆ సల్ఫైడ్ ఉందట, అక్కడ ఏ జీవీ కాపురం లేకుండానే! ఇలాంటివాళ్లను లోపలి పేజీలో, పెళ్లి సంబంధాల ప్రకటనల పక్కన వేశాం. ఆస్ట్రేలియాలో పార్క్స్ టెలిస్కోపు వాళ్లు ఇంకా ఘోరం. ఏళ్ల తరబడి అంతుచిక్కని రేడియో సంకేతాల గుట్టు 2015లో విప్పారు: అక్కడి మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే ఎవరో తలుపు లాగేస్తున్నారట. చేతిలో ఉన్న వార్తను ఎవరైనా అలా చంపుకుంటారా?

2025 సెప్టెంబరులో నాసా మళ్లీ మమ్మల్ని ఆదుకుంది. అంగారకుడి మీద పర్సెవరెన్స్ రోవర్ తవ్విన, చిరుతమచ్చలున్న రాయిలో ఒకప్పటి సూక్ష్మజీవుల ఆనవాళ్లు ఉండి ఉండొచ్చని ప్రకటించింది. రాయి ఫొటో పేజీలో పెట్టాను. ఎడిటర్ గారు చూసి మొహం చిట్లించారు.

“రాయేంటయ్యా? ఆకుపచ్చ మొహం, పెద్ద కళ్లు... వాడి బొమ్మ లేదా?”

ఉంది సార్. 1996 నుంచీ అదే వాడుతున్నాం.