క్యాజువాలిటీలో విన్న ఆ 'మెంటల్ కేసు' అనే మాట గురించి

రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను. చిన్నాయన్ని అడిగితే పేరు పెట్టకుండా రాయమన్నాడు.

మాది పొదిలి పక్కన పల్లె. మా చిన్నాయనకు బైపోలార్ జబ్బు, అంటే కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు. దానికి పన్నెండేళ్లుగా లిథియం బిళ్లలు వాడుతున్నాడు. ఒక్కపూట మానకుండా వేసుకుంటూనే కంది, పొగాకు పండించాడు, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాడు. పోయినేడు రోహిణి కార్తె ఎండల్లో మోకాళ్లు నొప్పులని మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుని నాలుగు రోజులు వేసుకున్నాడు. ఐదో రోజు వాంతులు, విరేచనాలు, చేతులు ఒకటే వణుకు, నాలుగడుగులు వేస్తే తూలిపోతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. పిన్నమ్మా నేనూ ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం.

సిస్టర్ మొదట బాగానే మాట్లాడింది. ఫైలు తెరిచి సైకియాట్రీ చీటీ చూడగానే పక్కామెతో "మెంటల్ కేసు" అంది, ఆయన అక్కడే మంచం మీద పడుకుని వింటుండగానే. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అన్నీ పిన్నమ్మనే అడిగారు. "కొడతాడామ్మా?" అనడిగారు. నిలబడలేని మనిషి ఎవరిని కొడతాడు? డ్యూటీ డాక్టరు దూరం నుంచే చూసి, వీళ్లు ఇట్లాగే యాక్షన్ చేస్తుంటారు, మీ సైకియాట్రీ డాక్టరుకే చూపించుకోండి అని గ్యాస్ ఇంజెక్షన్ చేయించి పంపేశాడు. రక్తం కూడా తీయలేదు.

లిథియం వాడేవాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గినా, కొన్ని రకాల నొప్పి బిళ్లలు తోడైనా అది రక్తంలో పెరిగిపోతుంది. రక్తపరీక్షలో దాని లెక్క మామూలుగా 0.6 నుంచి 1.2 మధ్య ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. వాంతులు, వణుకు, తూలడం, మాట ముద్దగా రావడం అన్నీ దాని గుర్తులే. డాక్టర్లు చదువుకున్న సంగతే ఇది. మరుసటి రోజు ఒంగోలులో వేరే డాక్టరు పరీక్ష చేయిస్తే 2.3 ఉంది. ఇంకో రోజు ఆలస్యమైతే కిడ్నీలు పోయేవేమో అన్నారు.

రాత్రిపూట వార్డంతా ఒక్క సిస్టరే చూసుకోవాలని, వాళ్ల టెన్షన్ వాళ్లదని నాకూ తెలుసు. కానీ ఒక ట్యూబు రక్తం తీయడానికి ఎంతసేపు పడుతుంది? అదే గుండెజబ్బు ఫైలు తెచ్చినవాడు తూలుతుంటే ఇట్లా పంపేస్తారా? 2017లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది, మిగతా జబ్బులవాళ్లతో సమానంగా వీళ్లకు వైద్యం చేయాలని అందులో స్పష్టంగా ఉంది.

జబ్బు పేరు కూడా తెలియని రోజుల్లో పిన్నమ్మ ఆయన్ని నెల్లూరు జిల్లాలోని ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్లి నెలరోజులు ఉంది. మనసు బాగోలేనివాళ్లను నయమవుతుందన్న నమ్మకంతో అక్కడికి తీసుకెళ్తారు. దానికి ఇప్పటికీ చదువుకున్నవాళ్లు ఆమెను తప్పుపడతారు. అక్కడ జబ్బు తగ్గలేదు, నిజమే. కానీ అక్కడివాళ్లు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం తిన్నావా అని ఆయన్నే అడిగారు.

పోయిన నెల చిన్నాయనకు జ్వరమొచ్చి క్లినిక్‌కు తీసుకెళ్లాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని డాక్టరు అడిగితే, లేదండీ అని తల అడ్డంగా ఊపి, లిథియం బిళ్లల అట్ట ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.